పోగు అందించే చోటు

కొళాయి వచ్చేలోగా బిందెలు కడగాలి. పాలు కాచాలి. మగ్గం మీంచి కోసిన చీరను షావుకారుకు అప్పజెప్పి రావాలి. కొత్త పడుగు అతకాలి. మధ్యాహ్నం కొండపల్లి నుంచి పిల్ల వస్తుంది, అన్నం పెట్టాలి.

మార్కండేయులు మొదటి మూడూ ముగించి, బిగుసుకున్న మోకాళ్లు రుద్దుకుంటూ మగ్గం గదిలోకి వచ్చేసరికి భార్య సుబ్బరత్నం అతుకు మొదలుపెట్టేసింది. ఎడమ భుజం లాగుతోందని చీర చెంగు గట్టిగా చుట్టుకుంది.

పెడనలో ఆ వీధి వాళ్లందరిదీ ఒకటే పద్ధతి. చీర కోసేటప్పుడు పాత పడుగు మొత్తం తీసెయ్యరు. దువ్వెన పళ్లలాంటి అచ్చులో మూరెడు పోగులు ఉంచుతారు. కొత్త పోగును పాత పోగుతో కలిపి, వేళ్లకు బూడిద రాసుకుని మెలిపెడతారు. ఒకరు అందించాలి, ఒకరు మెలిపెట్టాలి. అందించే పని కూతురు రేణుకది. డిగ్రీ రెండో ఏడులో డెంగీతో ఆ పిల్ల పోయాక సుబ్బరత్నం ఆ చోట ఎవర్నీ కూర్చోనివ్వలేదు. పోగులు తానే ఏరుకుంటుంది. ఉన్నట్టుండి "రేణూ, అందియ్యమ్మా" అని చెయ్యి చాపుతుంది. అందులోకి నిజంగా ఏదో వచ్చినట్టు వేళ్లు మూస్తుంది. మార్కండేయులు అప్పుడు తల తిప్పుకుంటాడు.

కంకిపాడులో రేణుక పేరున కొన్న స్థలం అమ్మి, ఆ పిల్ల చదివిన యూనివర్సిటీకే ఇచ్చారు. ఏటా ఒక అమ్మాయి చదవాలి, రేణుక పేరు ఉండాలి. వాళ్లడిగింది అంతే. మొదటి అమ్మాయి ఈ కొండపల్లి పిల్ల, రుచిత.

మధ్యాహ్నం ఆ పిల్ల వచ్చి గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

"స్కాలర్‌షిప్పు గురించి చెప్పిపోదామని వచ్చానండీ. చనిపోయినమ్మాయి పేరు మీద తీసుకుంటే నాక్కూడా ఏదన్నా అవుద్దని మా అమ్మ ఒకటే ఏడుపు. పేరు తీసేస్తే తీసుకోమంది. లేకపోతే చదువు మానేసి గవర్నర్‌పేటలో కొట్లో చేరమంటోంది."

మార్కండేయులు భార్య వైపు చూశాడు. పేరు తీసేస్తే రత్నం తట్టుకోలేదు. తియ్యకపోతే ఈ పిల్ల చదువు ఆగుతుంది.

సుబ్బరత్నం చేతిలోని పోగు మెలిపెట్టడం పూర్తిచేసి తలెత్తింది.

"నేనూ తల్లినేగా. తీయించేద్దాంలే. మా రేణు ఏమీ అనుకోదు." రేణుక చోటు చూపించి, "ఇటొచ్చి కూర్చో. నాలుగు పోగులందియ్యి. ఈయన అందిస్తే రేపటికీ తెమలదు," అంది.

"నీ నోటికున్న స్పీడు నా చేతికెక్కడ వచ్చిద్దే," అన్నాడు మార్కండేయులు.

రుచిత ఆ చోట కూర్చుంది. మొదట పోగులు తెగాయి. తరవాత తెగలేదు.

"పాతవి తీసేసి మొత్తం కొత్తవే ఎక్కించొచ్చుగా, మామ్మగారూ?"

"తీసేస్తే ఒక్కో పోగూ మళ్లీ అచ్చులోంచి గుచ్చుకుంటా కూర్చోవాలి. పాతది లాక్కెళ్తేనే కొత్తది లోపలికెళ్లుద్ది. నీ జడ చూసుకో, బూడిదలో పడతంది."

భోజనాలయ్యాక ఆయన పిల్లను బస్టాండు దాకా దింపాడు. బస్సెక్కి కిటికీలోంచి రుచిత అంది: "తాతగారూ, పేరు ఉంచండి. అమ్మకి నేను చెప్పుకుంటా. మామ్మగారితో ఇప్పుడే చెప్పండి, ప్లీజ్."

మోకాళ్ల నొప్పి మరిచి గబగబా నడిచాడు. వీధి మలుపు నుంచే పిలుచుకుంటూ వచ్చాడు. "రత్నం! ఉంచమంది! పేరు ఉంచమందే!"

సుబ్బరత్నం రేణుక చోట కూర్చుని గోడకు ఆనుకుని ఉంది. నిద్రపోతోందనుకున్నాడు. భుజం తట్టాడు. తల పక్కకు ఒరిగిపోయింది, ఊపిరి లేదు. మళ్లీ అదే మాట చెప్పాడు, ఈసారి నెమ్మదిగా.

యూనివర్సిటీలో రాతిపలక మీద రేణుక పేరు ఉంది. ఆ పేరు వదులుకోవడానికి ఒప్పుకున్న తల్లి పేరు ఎక్కడా లేదు. చదివినవారు సుబ్బరత్నాన్ని ఒక్కసారి తలుచుకోండి. ఆయన బస్టాండుకు వెళ్లినప్పుడు ఆమె అటక మీంచి రేణుక టిఫిను బాక్సు దించి, రుచిత కోసం చింతపండుతో తోమి కిటికీలో బోర్లించింది. పక్కన మూత ఇంకా తడిగా ఉంది.