చక్రాల స్కీల మీద పన్నెండు గంటలు

భిలాయిలో మంచు పడదు. అందుకే ఆ జనవరి ఆదివారం స్కీ పందెం తారురోడ్డు మీదే పెట్టారు. స్కీల కింద రబ్బరు చక్రాలుంటాయి. రెండు చేతుల్లోని కర్రలతో రోడ్డును పొడుచుకుంటూ జారుతూ పోవాలి. పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరుదాకా సెక్టర్ 6 చుట్టూ తిరగాలి, ఒక్కో చుట్టు మూడు కిలోమీటర్లు. వచ్చే విరాళాలన్నీ ఊరి పక్కనున్న జాముల్‌లో ఒక హాస్టల్‌కి. ఫ్యాక్టరీ ప్రమాదాల్లో తండ్రుల్ని పోగొట్టుకున్న పిల్లలుంటారక్కడ.

హరిత కాలేజీ రోజుల్లో ఎన్.సి.సి. తరఫున హిమాలయాల్లోని ఔలీ వెళ్ళి స్కీయింగ్ నేర్చుకుంది. ఇప్పుడు నలభై దాటాయి. జాముల్ దగ్గర ఒక ప్రైవేటు కర్మాగారంలో సేఫ్టీ ఆఫీసరు. పందేనికీ హాస్టల్‌కీ కూడా ఆ కర్మాగారమే పెద్ద దాత. "మన తరఫున మీరుంటే బావుంటుంది" అన్నాడు మేనేజరు వెంకటేశ్వరరావు. ఆమె ఒప్పుకున్నది ఆయన కోసం కాదు.

రెండేళ్ళ కిందట ఆదిశేషు అనే కాంట్రాక్టు ఫిట్టరు గ్యాసు పైపు వాల్వు మార్చడానికి ఎక్కి, పైనే ఊపిరాడక చనిపోయాడు. గ్యాసు లేదని పరీక్షించాకే హరిత పర్మిట్ మీద సంతకం చెయ్యాలి. పని ఆగిపోయిందని ఆ రోజు వెంకటేశ్వరరావు ఫోన్ మీద ఫోన్ చేస్తుంటే, పైకెళ్ళి చూడకుండానే సంతకం పెట్టేసింది. మాస్కు పెట్టుకోలేదు కాబట్టి తప్పు ఆదిశేషుదేనని కంపెనీ విచారణలో తేల్చారు. హరిత నోరెత్తలేదు.

పదకొండు గంటలకల్లా అరచేతులు బొబ్బలెక్కాయి. మంచినీళ్ళ టెంటు దగ్గర హాస్టల్ పిల్ల ఒకతి చుట్లు లెక్క రాస్తోంది. పదిహేడేళ్ళుంటాయి. ఆదిశేషు పోయిన రోజు ఆసుపత్రి వరండాలో తల్లిని పట్టుకుని ఏడ్చిన ఆ మొహాన్ని హరిత వెంటనే గుర్తుపట్టింది. ఆ పిల్ల బిందుప్రియకి మాత్రం ఈమె ఎవరో తెలీదు.

"నిమ్మనీళ్ళు, దీదీ. కొంచెం నమక్ వేశాను."

"అమ్మ ఏం చేస్తుందమ్మా?" హరిత అడిగింది.

"ఇళ్ళల్లో పని. నాన్న ఉద్యోగం అమ్మకిస్తామన్నారు. గల్తీ నాన్నదేనని రాశాక ఇవ్వలేదు." పిల్ల పుస్తకంలో గీత గీసింది. "మా నాన్న ఊరికే మాస్కు తీసే మనిషి కాదు. గ్యాసు లేదని కాగితం ఇచ్చారంట. అది నమ్మాడు."

హరిత ఇంకో రెండు చుట్లు తిరిగింది. మూడోసారి ఆ టెంటు దాటి పోలేకపోయింది.

"ఆ కాగితం మీద సంతకం నాది" అంది, స్కీల మీద నిలబడే. "గ్యాసు ఉందో లేదో చూడలేదు. చూశానని రాశాను."

బిందుప్రియ చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టేసింది. "అప్పుడెందుకు చెప్పలేదు?"

"ఉద్యోగం పోతుందని."

"తాగి ఎక్కాడన్నారు మా నాన్నని. అదీ విన్నారా?"

"విన్నాను."

"మరి ఇప్పుడు నాకు చెప్తే ఏటి లాభం? మాఫీ కావాలా? నా దగ్గర లేదు. అమ్మ కంపెనీ మీద కేసు వేసింది. దుర్గ్ వెళ్ళి ఆ కోర్టులో చెప్పండి. ప్రతి వాయిదా తారీఖుకీ అమ్మ అక్కడే కూర్చుంటాది."

పుస్తకం పక్క పిల్ల చేతికిచ్చి టెంటు వెనక్కి వెళ్ళిపోయింది. హరిత సాయంత్రందాకా తిరుగుతూనే ఉంది. ఆగితే ఎందుకు ఆగావని ఎవరైనా అడుగుతారని భయం. ముప్ఫై ఒక్క చుట్లయ్యాయి. కర్రల పిడులకి నెత్తురంటింది. వెంకటేశ్వరరావు దండ వేసి ఫొటో దిగాడు.

బుధవారం ఆమె ఆయన గదికి వెళ్ళి, కోర్టులో నిజం చెప్పబోతున్నానంది.

"పిచ్చా మీకు? ఆ హాస్టల్ ఎవరి దయమీద నడుస్తోందో తెలుసా?"

తెలుసు. తెలిసే దుర్గ్ కోర్టుకి వెళ్ళి చెప్పింది. వాంగ్మూలం రాసుకున్నారు. వారం తిరక్కుండా కంపెనీ ఆమెను సస్పెండ్ చేసింది. ఫిబ్రవరిలో హాస్టల్‌కి సాయం ఆపేసింది. పెద్ద పిల్లలు పదకొండు మందిని ఇళ్ళకి పంపేశారు. పన్నెండో తరగతి పరీక్షలు ఇంకో పది రోజులున్నాయనగా బిందుప్రియ దుర్గ్‌లో ఓ బట్టల కొట్లో చేరిపోయింది.

హరిత జాముల్ వెళ్ళి వాళ్ళ తలుపు తట్టింది. ఆదిశేషు భార్య కోటమ్మ గడపలోనే నిలబడింది.

"నిజం సెప్పినావు. మా ఆయన తాగుబోతు కాదని పదిమందీ ఇన్నారు. అంతవరకు బాగుంది."

"బిందుని నేను చదివిస్తాను. మా ఇంట్లో ఉండి పరీక్షలు రాయొచ్చు."

"అది నీ మొగం సూడదు." కోటమ్మ గొంతు పెంచలేదు. "ఆ రోజే సెప్పుంటే నాకు ఉద్యోగం వొచ్చును. పిల్ల ఆ హాస్టల్ గడప తొక్కే పనే లేకపోను. ఇప్పుడు సెప్పి ఉన్నదీ పోగొట్టినావు. సెప్పొద్దని అనను. కానీ ఇంక మా ఇంటికి రాకు."

తలుపేసుకుంది.

కేసు ఇంకా నడుస్తోంది. తారీఖు ఉన్న రోజు హరిత దుర్గ్ వెళ్తుంది. కోటమ్మ కూర్చున్న బల్లకి దూరంగా, గోడవారన నిలబడి, మళ్ళీ సాక్ష్యానికి పిలుపు కోసం చూస్తుంది. బిందుప్రియ ఒక్కసారి కూడా రాలేదు.