రోక్కో పునీతుడికి గది

రోక్కో పునీతుడి మంచాన్ని ఎర్సీలియా పరుపుతో సహా అమ్ముకుందని మఫాల్దా అందట. రొట్టెల బట్టీ దగ్గర, పిండి చేతులతో నిలబడ్డ నలుగురు ఆడవాళ్ళ ముందు అందట. "ఇంకా నయం, పునీతుణ్ణి కూడా కలిపి ఇచ్చెయ్యలేదు" అని నవ్విందట కూడా. మాట మోసుకొచ్చింది మేకపాలు పోసే రొసాల్బా. దారిలో తనూ రెండు చిటికెల ఉప్పు వేసే ఉంటుంది. కాస్తెల్‌ప్రూనోలో మాట కొండ కింద పుట్టేటప్పుడు పిల్లి కూనంత, పైవీధికి చేరేసరికి గాడిదంత.

ఎర్సీలియా గుమ్మంలో కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. చెయ్యి ఆపలేదు.

"మఫాల్దాకి చెప్పు," అంది. "అమ్మడానికైనా నాకొక ఇల్లుంది. దాని ఇంట్లో సగం మొగుడు బతికుండగానే పేకాటలో ఊడగొట్టాడు."

అనేసింది గానీ, రొసాల్బా వెళ్ళాక ఒలిచిన గింజలు తొక్కల్లోనూ తొక్కలు గిన్నెలోనూ పడ్డాయి. మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.

ఆగస్టులో పండగ ముందురోజు రోక్కో పునీతుడు గుడి వదిలి బయటికొస్తాడు. ఆ రాత్రి ఒక ఇంట్లో బస. పైవీధిలో ఏడిళ్ళు, కిందివీధిలో ఏడిళ్ళు, ఏటా ఒకరి వంతు. ఏడాది పొడుగునా తొడ మీద పుండుతో నిలబడ్డ కాళ్ళు కదా అని విగ్రహాన్ని మంచం మీద పడుకోబెడతారు. ఆయన కాళ్ళ దగ్గరుండే చెక్క కుక్కని విడిగా ఊడదీసి మంచం పక్కన పెడతారు. పక్క మీద ఆ ఇంటి ఇల్లాలు తన పెళ్ళికని కుట్టుకున్న నార దుప్పటి పరవాలి. వీధి తలుపు తెల్లారేదాకా బార్లా తెరిచుండాలి. తాగుబోతైనా, తగువులవాడైనా లోపలికొచ్చి కూర్చోవచ్చు, పెట్టింది తినొచ్చు. మర్నాడు ఆ దుప్పటి మడిచి పెట్టెలో పెడితే మళ్ళీ విప్పేది ఇల్లాలి శవపేటికలోనే, ఆమె వీపు కింద. తలుపు మూసిన ఇల్లు వరసలోంచి పోతుంది. పోతే పోయినట్టే.

ఈ ఏడాది ఎర్సీలియా ఇంటి వంతు. పద్నాలుగేళ్ళ కిందట వంతు వచ్చినప్పుడు పరిచింది అత్తగారి దుప్పటి. ఆవిడ దాని మీదే మట్టిలోకి వెళ్ళింది. వెళ్తూ, "ఇంక నీదే," అని కోడలికి చెప్పింది. ఎర్సీలియా దుప్పటి అంచు మీద గోధుమ కంకులు పద్దెనిమిదేళ్ళ వయసులో కుట్టినవి. పెళ్ళినాడు తప్ప వెలుతురు చూడలేదు.

ఈలోగా ఇంటి పైకప్పు కుంగింది. పైవీధి ఇళ్ళు ఒక్కొక్కటే కొంటున్న హోటలువాళ్ళు దాన్నీ కొన్నారు. ఆ హోటలుకి ఒక కట్టడమంటూ లేదు. ఇక్కడో గది, అక్కడో గది, పొద్దున్న ఫలహారం మాత్రం పాత నూనె గానుగలో. ఎర్సీలియా ఎదురుగా ఉన్న గాడిదల కొట్టానికి సున్నం కొట్టించుకుని అందులోకి మారింది. అత్తగారు ప్రాణం విడిచిన గదికి వాళ్ళు 'నవవధువు' అని పేరు పెట్టి, నట్టనడుమ స్నానాల తొట్టె బిగించారు. అమ్మేనాడు ఆమె అడిగింది ఒకటే: పునీతుడి రాత్రి. హోటలు మేనేజరు పరాయివాడు కాదు, సొంత చెల్లెలి కొడుకు క్విరీనో. "అది కూడా అడగాలా పెద్దమ్మా," అన్నాడప్పుడు.

చిక్కుళ్ళు అలాగే వదిలేసి ఎర్సీలియా గానుగకి నడిచింది.

క్విరీనో బల్ల వెనక ఉన్నాడు. మెడకి టై, ముఖానికి అద్దెకి తెచ్చిన నవ్వు.

"గది కావాలిరా," అంది ఆమె. "పండగ ముందురోజుకి. నా గదే."

"నీ గది ఏది పెద్దమ్మా? అదెప్పుడో హోటలుదైంది."

"సరే, నీ హోటలు గదే. రాసుకో."

"ఎవరి పేరు మీద?"

"రోక్కో."

అతను నవ్వాపుకోలేకపోయాడు. "గుర్తింపు కార్డు తెస్తాడా? ఒక్కడేనా, జతుందా?"

"కుక్కుంది."

"కుక్కల్ని రానివ్వం పెద్దమ్మా. రూలు."

"మీ అమ్మ నిన్ను కని నా ఒళ్ళో పడేసి పొలానికి పోయేది. అప్పుడే నేలకేసి కొట్టాల్సింది. రూలు లేదని ఊరుకున్నా."

అప్పుడు పోయింది అతని నవ్వు. గది శీతాకాలంలోనే ఇచ్చేశారట. ఎవరో పరదేశీ దంపతులు, పెళ్ళిరోజు చేసుకోవడానికి వస్తున్నారట. పండగ రోజుల్లో ఆ గది కోసం జనం కొట్టుకుంటున్నారట. పునీతుడికి ఇంకెక్కడైనా సర్దుదామా, గానుగలో సర్దుదామా అన్నాడు.

"గానుగ ఇల్లు కాదు. మాటిచ్చావు."

"మాటన్నాను పెద్దమ్మా. కాగితమ్మీద లేదు."

"నీ పుట్టుక కూడా నేను కాగితమ్మీద చూసి నమ్మలేదురా." బల్ల మీద చెయ్యి చరిచింది. "విను. ఆ రోజు పొద్దున్నే ఆ గుమ్మంలో పీటేసుకుని కూర్చుంటా. నీ పరదేశీలు నన్ను దాటి లోపలికి పోవాలి. ఎలా దాటతారో, దాటితే ఏమంటానో నువ్వే వాళ్ళకి వాళ్ళ భాషలో చెప్పుకో."

ఆమె నోరు ఎలాంటిదో అతనికి తెలుసు. పైవాళ్ళతో మాట్లాడి చూస్తానన్నాడు.

వారం తిరక్కుండా క్విరీనో ఆమె గుమ్మం తొక్కాడు. చేతిలో బాదం కేకు. ఎర్సీలియా కేకు వైపు చూడలేదు, మనిషి వైపు చూసింది. నక్క కోళ్ళగూటికి నూకలు తెస్తే ముందు కోళ్ళని లెక్క చూసుకోవాలి.

"ఒప్పుకున్నారు పెద్దమ్మా! కంపెనీవాళ్ళు ఎగిరి గంతేశారు. పునీతుడు ఆ గదికే వస్తాడు."

"దుప్పటి?"

"నీదే. నీ చేత్తో నువ్వే పరుచు."

"తలుపు?"

"తెరిచే ఉంటుంది. ఇంకో మాట, ఈసారి బాణసంచా ఖర్చు కూడా కంపెనీదే."

"నేనడిగానా బాణసంచా?"

"నువ్వడగలేదు. ఎజీడియో అడిగాడు."

ఎజీడియో పండగ కమిటీ పెద్ద, తాపీమేస్త్రీ. కిందివీధివాడు. పైవీధి ఇల్లొకటి వరసలోంచి జారితే ఆ వంతు తన బావమరిది ఇంటికి తిప్పుకోవాలని ఏళ్ళుగా కాచుక్కూర్చున్నాడు. అలాంటివాడు ఎదురు చెప్పకుండా బాణసంచాతో సరిపెట్టుకున్నాడంటే లోపల ఏదో ఉందని ఎర్సీలియాకి తట్టకపోలేదు. కానీ మనసు దుప్పటి మీదుంది. ఆశపడ్డవాళ్ళకి చెవులు సగమే పనిచేస్తాయి.

కేకు తీసుకుంది. సగం కోళ్ళకేసింది.

పండగ వారంలో ఊటబావి దగ్గర మఫాల్దా ఎదురైంది.

"విన్నానే ఎర్సీలియా, మన రోక్కో ఈసారి పెద్ద హోటల్లో దిగుతున్నాడటగా. అదృష్టం. మా ఇంట్లో దిగినప్పుడు పాపం వట్టి చిక్కుళ్ళ పులుసే పెట్టాం."

"అందుకే మళ్ళీ పద్నాలుగేళ్ళదాకా మీ గడప తొక్కడు."

"అవునవును. మా ఇంట్లో తొట్టి కూడా లేదు, ఆయన పుండు కడుక్కోవడానికి." బిందె ఎత్తుకుంటూ మఫాల్దా కన్ను గీటింది. "నీ పక్క మీద ఎవరు పడుకుంటారో చూసుకోవే. రోక్కో ఒక్కడేనా అని చూసుకో."

ఎర్సీలియా ఏదో అనబోయింది. అప్పటికే అది బిందెతో మలుపు తిరిగింది. వెనక నుంచి దాని నవ్వు మాత్రం వినబడింది, బిందెలో నీళ్ళు తొణికినట్టు.

పండగ ముందురోజు మధ్యాహ్నం ఎర్సీలియా పెట్టె తీసింది. కర్పూరం వాసన కొట్టం నిండా కమ్మింది. దుప్పటి గుండెకి అదుముకుని వీధి దాటి, ఒకప్పటి తన ఇంట్లోకి వెళ్ళింది. గోడలు తనవే. మిగతాదేదీ తనది కాదు. మంచం వెడల్పుగా ఉంది, దుప్పటి అంచులు పూర్తిగా వేలాడలేదు. అయినా మోకాళ్ళ మీద కూర్చుని నాలుగు మూలలూ దోపింది. గోధుమ కంకులు తలవైపు వచ్చేలా తిప్పింది. అత్తగారు పరిచినప్పుడు చేసినట్టే, అరచేత్తో ముడత లేకుండా ఒకసారి నిమిరింది. ఆ వేళ ఆమెకి ఎవరి మీదా కోపం లేదు. మఫాల్దా మీద కూడా.

కొట్టానికెళ్ళి, స్నానం చేసి, నల్ల బట్టలు కట్టుకుంది. గుడి గంట మోగింది. కిందివీధిలో బ్యాండు మొదలైంది.

మళ్ళీ గదిలో అడుగు పెట్టేసరికి మంచం మీద రెండు సూట్‌కేసులున్నాయి. ఒకటి తెరిచుంది. దాని పక్కనే మగవాడి బూట్లు. దుప్పటి కుర్చీ వీపు మీద వేలాడుతోంది. మధ్యకి మడిచి, ఎర్ర రిబ్బను కట్టి, పరాయి భాషలో ఏదో రాసిన అట్ట ముక్క గుచ్చారు. తొట్టెకీ కిటికీకీ మధ్య నేల మీద ఎర్ర తాడుతో ఒక చిన్న చదరం గీసినట్టు పెట్టారు, మనిషి నిలబడేంత.

పరదేశీ ఆవిడ తొట్టె అంచున కూర్చునుంది. పాపం, ఆవిడకేం తెలుసు? ఎర్సీలియాని చూసి ముఖమంతా వెలిగించుకుని ద్రాక్షసారా గ్లాసు అందించబోయింది.

క్విరీనో వెనకే పరిగెత్తుకొచ్చాడు. "పెద్దమ్మా, చెబుదామనే అనుకున్నా—"

"మంచం ఎవరిది?"

"వీళ్ళది. పునీతుడు అక్కడ, ఆ తాడు లోపల నిలబడతాడు. రాత్రంతా పునీతుడితో ఒకే గదిలో, అదే కదా వాళ్ళకి కావాల్సింది! దానికోసమే పెద్ద ధర పెట్టారు. వచ్చే ఏడాదికి ఇప్పుడే అడుగుతున్నారు."

"తలుపు?"

"ఎనిమిదింటిదాకా తెరిచే ఉంటుంది. తర్వాత మరి వాళ్ళు పడుకోవాలి కదా. ఊరివాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చూసి పోవచ్చు."

"కుక్క?"

అతను టై సవరించుకున్నాడు. "కుక్కని కింద రిసెప్షన్లో పెడుతున్నాం. పిల్లలు ఫొటోలు దిగుతారని."

"ఇదంతా ఎజీడియోకి తెలుసా?"

"కమిటీ మొత్తానికీ తెలుసు పెద్దమ్మా. మఫాల్దాతో సహా. బాణసంచా ఊరికే వస్తుందా? నీకూ ఒక కుర్చీ వేయించాను, ఆ మూల. ఈ నల్ల బట్టల్లోనే కూర్చో, బావుంటావు."

ఎర్సీలియా కుర్చీ దగ్గరికి నడిచింది. రిబ్బను ముడి పళ్ళతో కొరికి తెంపింది. అట్ట ముక్క తొట్టెలో పడింది. దుప్పటిని నాలుగు మడతలు పెట్టి చంకలో ఇరికించుకుని బయటికొచ్చి, గుమ్మంలో అడ్డంగా నిలబడింది.

బ్యాండు మలుపు తిరిగింది. ముందు ఎజీడియో, ఛాతీ మీద కమిటీ పట్టీ. వెనక ఎనిమిది మంది భుజాల మీద రోక్కో పునీతుడు, తొడ మీది పుండు చూపిస్తూ. కాళ్ళ దగ్గర కుక్క చోటు ఖాళీ. మరలు ఊడదీసిన రెండు కన్నాలు మాత్రం కనబడుతున్నాయి. విగ్రహం వెనక ఊరంతా ఉంది. మఫాల్దా ముందు వరసలోనే ఉంది, కొవ్వొత్తి పట్టుకుని, చూపులు నేల మీద పెట్టుకుని.

"పక్కకి జరుగమ్మా ఎర్సీలియా," అన్నాడు ఎజీడియో.

ఆమె జరగలేదు.

"నీ వంతని గొడవ చేసింది నువ్వే. ఇల్లు అదే, గది అదే. ఇంకేం కావాలి? తలుపు నువ్వే మూస్తే వంతు పోతుంది, చూసుకో. ఇందరి ముందు చెబుతున్నా."

"పోనీ."

"నీ దుప్పటి మరి? ఏం పరుచుకుని పోతావు?"

ఆ మాటకి ఆమె చెయ్యి దుప్పటి మీద బిగిసింది. గోధుమ కంకుల అంచు చంక కిందనుంచి జారి గాలికి ఆడింది. దాన్ని లోపలికి తోసుకుంది.

"వట్టి చెక్క మీద పోతా."

బ్యాండువాడు బూర దించాడు. మోసేవాళ్ళ మెడనరాలు పొంగాయి; వాళ్ళలో ఒకడు భుజం మార్చుకుంటూ మూలిగాడు. గది కిటికీలోంచి పరదేశీలు ఫోన్లు ఎత్తి పట్టుకుని చూస్తున్నారు. క్విరీనో వాళ్ళకి చేతులతో ఏదో సర్దిచెబుతున్నాడు.

"ఎర్సీలియా, దేవుడి మీద ఒట్టు, వీళ్ళ భుజాలు విరుగుతున్నాయి," అన్నాడు ఎజీడియో, ఈసారి గొంతు తగ్గించి. "ఎక్కడ దించమంటావో చెప్పు."

"అమ్ముకున్నది మీరు. మొయ్యండి."