ఎండాకాలంలో ఎర్ర సంచీ

నేను ఒక కుర్చీని. అలాగని నాకు కాళ్లున్నాయనుకోకండి. ఇనుప తాడుకు వేలాడుతూ మనుషుల్ని కొండ ఎక్కించే కుర్చీని. నా వీపు మీద పదిహేడు అని తెల్లరంగుతో రాసి ఉంటుంది. పుట్టింది విశాఖపట్నంలో, ఒక రేకుల షెడ్డులో, రోహిణీ కార్తె ఎండలో. వెల్డింగు వేడి ఆరకముందే లారీ ఎక్కించి, తీసుకెళ్లి హిమాలయాల్లో ఒక మంచుకొండ మీద దింపారు. ఉక్కపోత తప్ప ఏమీ ఎరగని ఇనుముని, దిమ్మ తిరిగిపోయింది. ఆ రిసార్టు పేరు చెప్పను, యజమానులు నొచ్చుకుంటారు.

మమ్మల్ని బిగించడానికి వచ్చిన ఫిట్టరు తవిటయ్యది శ్రీకాకుళం జిల్లా. పని ముగించి వెళ్లిపోవలసిన మనిషిని, మోటారు మాట వినేది ఇతనికేనంటూ కింది స్టేషనులో ఉంచేశారు. పన్నెండేళ్లుగా నా చెవిన తెలుగు పడేది అతని నోటి నుంచే. పైకెళ్లేవాళ్లు కాళ్లకు రెండు పలకలు కట్టుకుని, మంచు మీద జారుకుంటూ కిందికొచ్చి, మళ్లీ నన్నెక్కి పైకి పోతారు. కిందికే వచ్చేవాళ్లు పైకెందుకు వెళ్తున్నారో ఈనాటికీ నాకు అంతుపట్టలేదు.

మంచు నాలుగు నెలలే. మిగతా ఎనిమిది నెలలూ నాకు గోనెపట్టా కప్పి సెలవిచ్చేవారు, తవిటయ్యకూ సెలవే. అతను ఊరెళ్లి, భార్య అసిరమ్మతో కలిసి జీడితోటలో పని చేసుకునేవాడు. కిందటి ఏడాది గేటు మీద కొత్త బోర్డు వేశారు, పన్నెండు నెలలూ వినోదమేనట. గడ్డి మీద జారే బండ్లు, తాడు పట్టుకుని లోయ దాటడాలు, గుడారాల్లో భోజనాలు. నాకు గోనెపట్టా పోయింది. ఆ దంపతులకు ఎనిమిది నెలల కాపురం పోయింది. ఇక ఆమె ఇక్కడికొచ్చి ఉండాలి, లేదంటే ఇద్దరూ చెరోచోట బతకాలి. ఉండగలనో లేదో కళ్లారా చూసి చెప్తానని మే నెలలో అసిరమ్మ వచ్చింది, నెత్తళ్ల ఎండుచేపల మూట చంకన పెట్టుకుని.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. సాయంత్రం చివరగా పైకెళ్లే కుర్చీకి ఒక ఎర్ర సంచీ తగిలిస్తారు. అది కొండపైకి చేరగానే పై స్టేషను చూసుకునే నేగీ గంట రెండుసార్లు కొడతాడు. కింద తవిటయ్య మోటారు ఆపి తాళం వేస్తాడు. చలికాలంలో ఇందులో తప్పేమీ లేదు, ఎక్కినవాళ్లంతా జారుకుంటూ దిగిపోతారు గనక తిరుగు కుర్చీలు ఖాళీగానే వస్తాయి. ఎండాకాలంలో అలా కాదు, జనం కుర్చీల్లోనే దిగాలి. కాబట్టి సంచీ చుట్టు తిరిగి కిందికి వచ్చాకే మోటారు ఆపాలని వేసవి ఆటలు మొదలైన రోజు పొద్దున మేనేజరు చెప్పాడు. తవిటయ్య తల ఊపాడు. పైన నేగీ కూడా ఊపాడట.

అసిరమ్మ ఆ మధ్యాహ్నం నామీదే పైకెళ్లింది, కళ్లు మూసుకుని. నేగీ భార్యతో టీ తాగుతూ, సైగలతో కబుర్లాడుతూ పొద్దు తెలియనివ్వలేదు. తక్కిన జనమంతా దిగిపోయాక నేగీ ఆమెను మళ్లీ నా మీద కూర్చోబెట్టి, అడ్డుకడ్డీ వేసి పంపాడు. దిగేటప్పుడు ఆమె కళ్లు తెరిచే ఉంది. మొగుడితో చెప్పాల్సిన మాటలు నా మీద కూర్చుని పైకే అనుకుంటోంది.

"సరేలే మావా, ఉండిపోతాను. గానీ ఆ రొట్టెలు నాను తిననేను. బియ్యం తెప్పించాల."

నాకు ఎంత ముచ్చటేసిందో చెప్పలేను. లోయ మధ్యకొచ్చాం. కింద దేవదారు చెట్ల కొనలు. అప్పుడు పైనుంచి రెండు గంటలు వినబడ్డాయి. ఎర్ర సంచీ నేగీకి చేరిందన్నమాట. తన చేతులతో కూర్చోబెట్టి పది నిమిషాలైనా కాలేదు, ఆమె ఇంకా దారిలో వేలాడుతుండగానే నేగీ గంటలు కొట్టి గుడిసెలోకి పోయాడు! సరే, కింద మొగుడున్నాడు కదా అనుకున్నాను. తాడు ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. నిర్ఘాంతపోయాను. నాకు గుండె లేదు గాని, ఉన్న నట్లన్నీ ఒక్కసారిగా బిగుసుకుపోయాయి.

ముందు ఆమె కంగారు పడలేదు, ఇదీ ఒక తమాషా కాబోలనుకుంది. కాసేపటికి వడగళ్లు మొదలయ్యాయి. "మావా" అని మూడుసార్లు పిలిచింది. లోయ నిండా వడగళ్ల చప్పుడే. ఒక చెప్పు జారి కింద పడింది, పడిన చప్పుడు కూడా వినబడలేదు. అప్పుడామె చీర కొంగు తీసి నా ఇనుప కడ్డీకి చుట్టి, తనను తాను కట్టేసుకుంది. ఆమె వణుకు నాలోకి పాకుతుంటే సిగ్గుతో చచ్చిపోయాను. మోయడం తప్ప నాకేం చేతనవును?

ఆ సమయంలో తవిటయ్య గదిలో అన్నం వారుస్తున్నాడు. ఇదంతా తరవాత అతనే నేగీకి చెప్పుకుని ఏడుస్తుంటే విన్నాను. గంటలు వినగానే చెయ్యి దానంతటదే మీట నొక్కిందట, తాళం కూడా వేసిందట. నెత్తళ్లు వేయించాడు. రెండు కంచాలు పెట్టాడు. పైకెళ్లినవాళ్లు ఎప్పట్లాగే జారుకుంటూ వచ్చేస్తారన్న ధీమా. రేకుల మీద వడగళ్లు మోగుతుంటే, ఇంకా రాలేదేమిటని గుమ్మంలోకొచ్చి కొండ వైపు చూశాడు. కొండ పచ్చగా ఉంది. మంచు లేదు. అసిరమ్మకు జారడం అసలే రాదు. అప్పుడు తెలిసిందట తానేం చేశాడో.

ముప్పావుగంటకు మోటారు కదిలింది. నన్ను అంత నెమ్మదిగా, అంత భద్రంగా అతనెప్పుడూ దింపలేదు. స్టేషనులోకి రాగానే మోటారు ఆపి, నా దగ్గరకొచ్చి కొంగుముడి విప్పబోయాడు. తడిసిన ముడి రాలేదు. పన్నెండేళ్లు నా బోల్టులు బిగించిన వేళ్లు, గుడ్డ ముడి దగ్గర ఓడిపోయాయి. అసిరమ్మే వంగి పళ్లతో లాగి విప్పుకుంది. ఒక కాలికి చెప్పుతో, ఒక కాలికి లేకుండా నిలబడింది. నీలంగా మారిన పెదవులు. అతని ముఖం చూడలేదు.

"ఎరక్క సేసినానే," అన్నాడతను.

"రేపటి రైలుకి టికెట్టు తియ్యి," అందామె. 

అంతే, అయిపోయింది, ఆమె వెళ్లిపోతుంది, ఉండిపోతానన్న మాట అతని చెవిన పడకుండానే వెళ్లిపోతుంది అనుకుని నేను కుమిలిపోయాను. అతను మాత్రం తలొంచుకుని సరేనన్నాడు. ఒకటి స్లీపరులో తీస్తానన్నాడు, కింది బెర్తు దొరికేలా చూస్తానన్నాడు.

"ఒకటి కాదు, రెండు," అంది అసిరమ్మ. 

తవిటయ్య అర్థంకానట్టు చూశాడు.

"నిన్నిక్కడ ఒగ్గేస్తే, ఇది సలికాలమో ఎండాకాలమో నీకు సెప్పేవోలెవులు?"

అతను బెల్టుకున్న తాళాల గుత్తి విప్పి, నా సీటు మీద పెట్టాడు.