ఎనిమిది చూపిన ఆమ్లం

ల్యాబ్ ఇన్‌ఛార్జికి కళ్లద్దాల పిల్ల మీద మొదటి నుంచీ అనుమానమే. బ్యాటరీల ఫ్యాక్టరీలో ఆ ఇరుకు గదికి ఇద్దరు కొత్తవాళ్లు వచ్చారు. ఒకరు ఈ పిల్ల, రెండోవాడు ఇన్‌ఛార్జి సొంత తమ్ముడు. ఇద్దరిలో ఒక్కరినే ఉంచుకుంటానని, ఎవరో ఆవిడే తేల్చాలని మేనేజరు చెప్పాడు. ఎక్కడా నాలుగు రోజులు నిలవని తమ్ముడు ఇక్కడైనా కుదురుకోవాలని ఆవిడ ఆశ.

పరీక్ష ఆవిడే పెట్టింది. ఇద్దరికీ చెరో సీసా హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఇచ్చింది. అందులో కొంచెం తీసి పది రెట్లు పలచన చెయ్యాలి, మీటరు ముంచి పీహెచ్ చూడాలి, మళ్లీ పలచన చెయ్యాలి, అలా ఆరుసార్లు. సీసాలో ఉన్నదాని పీహెచ్ రెండు. పలచన చేసినప్పుడల్లా ఒక అంకె పెరిగి, చివరి గ్లాసులో ఎనిమిది రావాలి. ఆ లెక్క తమ్ముడికి ఇంట్లో కూర్చోబెట్టి మరీ నూరిపోసింది.

ఇక తమ్ముడికి వీపు పెట్టి, కళ్లలో వత్తులు వేసుకుని పిల్లనే చూస్తూ కూర్చుంది. ఆ పిల్ల నీళ్లు మరిగించి చల్లార్చింది. గ్లాసు మీద మూత పెట్టింది. మీటరు కడిగింది, తుడిచింది, మళ్లీ కడిగింది. ఏం దాస్తోంది ఇంత హడావిడిలో, అనుకుంది ఇన్‌ఛార్జి.

"మేడమ్, చివరిది ఏడు కూడా రాలేదండీ. వెంట్రుకవాసి తక్కువే ఉంది."

"ఎనిమిది రావాలమ్మా."

"రెండుసార్లు చూశానండీ. రావట్లేదు."

"నాకు వచ్చిందక్కా, ఎనిమిది!" అన్నాడు వెనక నుంచి తమ్ముడు. "అంకె కదిలితే ఒట్టు."

ఆవిడ మొహం చాటంతయింది. మేనేజరుకు ఎలా చెప్పాలో కూడబలుక్కుంటూ వరండాలోకి నడిచింది. ఏడు అంటే మామూలు నీళ్లండీ, తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం... అక్కడ ఆవిడ కాలు ఆగిపోయింది. నిమ్మకాయ పిండి బావెడు నీళ్లు కలిపితే సబ్బునీళ్లవుతాయా? ఆమ్లం అంత పలచనైపోయాక నీళ్లకు సొంతంగా ఉండే హైడ్రోజన్ అయాన్లే ఎక్కువ. వాటిని ఆవిడ లెక్కలో కలపనే లేదు. తను పప్పులో కాలేసింది, సరే. తమ్ముడి మీటరు కూడా వేసిందా?

వెనక్కి వచ్చి తమ్ముడి బల్ల చూసింది. మీటరు కొనకు తొడిగిన మూత తొడిగినట్టే ఉంది.

"ముంచావా దీన్ని?" అంది, గొంతు తగ్గించి.

వాడు తల గోక్కున్నాడు. "నువ్వు ఎనిమిదన్నావు కదక్కా. నీ మాటకంటే ఇది ఎక్కువా నాకు? నువ్వు సర్దేస్తావులే."

ఇంత నమ్మకం తన మీద ఇంకెవరికీ లేదని తెలిసి ఆవిడకు ఏడుపొచ్చింది. కళ్లు తుడుచుకుని మేనేజరు గదిలోకి వెళ్లింది.

"పిల్లను ఉంచండి సార్. చివరి గ్లాసుకు నేను కట్టిన లెక్కే తప్పు. అది తప్పని మీటరు చూపించింది, ఆ పిల్ల దాచకుండా చెప్పింది."

"మరి మీ తమ్ముడు?"

"వాడు నన్నే నమ్మాడు సార్," అంది. "అందుకే వద్దు."