చెరపవద్దు

నేను ఒక తెల్లబోర్డును. మాదాపూర్‌లో బస్సు టికెట్లు అమ్మే ఒక కంపెనీలో, ఇంటర్వ్యూలు జరిగే గది గోడకు నన్ను బిగించారు. రేకు మీద తెల్లపూత పూస్తే పుట్టాను. రాయించుకోవడం, తుడిపించుకోవడం, ఇదే నా బతుకు కాబట్టి దేన్నీ మనసులో పెట్టుకోకూడదు. ఒక్కటి మాత్రం పెట్టుకున్నాను.

ఆమె పేరు సువర్చల. పద్నాలుగేళ్ల అనుభవం, అందులో ఆరేళ్లు సీనియర్ ఇంజనీరుగా. పాత కంపెనీ ఆమె టీమునంతా ఒక్క మెయిల్‌తో ఇంటికి పంపాక ఎనిమిది నెలలుగా ఇలాంటి గదుల చుట్టూ తిరుగుతోంది. "ఒక్కసారి కింది పోస్టుకు దిగితే మళ్లీ పైకి ఎక్కనివ్వరే" అని నా ముందు నిలబడే ఫోనులో ఎవరితోనో అంది.

ప్యానెల్ పెద్ద నిరంజన్ ప్రశ్న వేశాడు.

"ఊరికే ఊహించుకోండి మేడమ్. సిగ్నల్ పోయినప్పుడు ఒకే సీటు ఇద్దరికి అమ్ముడుపోతోంది. ఎలా ఆపుతారు?"

ఊరికేనట! మూడు నెలలుగా ఆ గొడవ తేలకే వీళ్లంతా నా ఎదుట జుట్టు పీక్కుంటున్నారు.

సువర్చల నీలం మార్కరు తీసింది. గంటసేపు డబ్బాలు గీసి, బాణాలు కలిపి, రెండుచోట్ల తన తప్పు తనే పట్టుకుని దిద్దుకుంది. అంత శుభ్రమైన ఆలోచన నా మీద అంతకుముందు ఎవరూ గీయలేదు. నిరంజన్ "ఊఁ" అన్నాడు, అంతే.

ఆమె లిఫ్టు ఎక్కిందో లేదో నా మీదున్న బొమ్మను ఫోటో తీశాడు. ఏ పని ఎవరు చేయాలో ఒక్కో డబ్బా పక్కన తన టీములో ఒక్కొక్కరి పేరు రాశాడు. ఎవరైనా పొరపాటున తుడిచేస్తారని పర్మనెంట్ మార్కరుతో గీతలన్నీ దిద్ది, మూలన 'చెరపవద్దు' అని రాశాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

వారం తర్వాత ఆఫర్ గురించి మాట్లాడటానికి ఆమెను పిలిచారు. హెచ్‌ఆర్ లాస్యకు ఈ డబ్బాలూ బాణాలూ ఏమీ తెలియవు. ఖాళీగా ఉంది కదా అని ఈ గదిలోనే కూర్చోబెట్టింది.

"డిజైన్ రౌండ్‌లో డెప్త్ కొంచెం తక్కువైందన్నరు మేడమ్. అందుకే సీనియర్ కాకుండా ఒక లెవెల్ కింద ఇస్తున్నరు, నిరంజన్ గారి టీములనే. ఇయ్యాల ఓకే అంటే లెటర్ పంపిస్త."

సువర్చల నా వైపు చూసింది. పేర్లన్నీ చదివింది. చివరి డబ్బా పక్కన 'కొత్తగా చేరే మేడమ్' అని ఉంది.

ఒప్పుకో తల్లీ, ఎనిమిది నెలలైంది అనుకున్నాను, సిగ్గులేకుండా.

ఆమె లేచి డస్టరుతో తుడిచింది. పోలేదు. పర్మనెంట్ గీత పోవాలంటే దాని మీదే మామూలు మార్కరుతో మళ్లీ గీసి, ఆరకముందే తుడవాలి. బోర్డుల ముందు ఇన్నేళ్లు నిలబడ్డ మనిషికి అది తెలుసు. బొమ్మంతా మొదటి నుంచి మళ్లీ గీస్తూ, గీసింది గీసినట్టే తుడిచేసింది.

"ఏం చేస్తున్నరు మేడమ్?"

"డెప్త్ లేదన్నారు కదమ్మా. తీసేస్తున్నాను."

ఆఫర్ వద్దని చెప్పి వెళ్లిపోయింది. మూలనున్న 'చెరపవద్దు' మాత్రం తుడవలేదు.

ఫోటో నిరంజన్ ఫోనులో ఉండనే ఉంది. రెండు నెలల్లో సీట్ల గొడవ తీరింది. అతనికి ప్రమోషన్ వచ్చింది, కేకు నా ముందే కోశారు. సువర్చలకు ఎక్కడైనా ఉద్యోగం దొరికిందో లేదో నాకు తెలియదు.

ఇప్పుడు సీనియర్ ఉద్యోగానికి వచ్చేవాళ్లందరినీ అదే ప్రశ్న అడుగుతున్నారు. వాళ్లు గీసింది ఆ ఫోటోతో సరిపోకపోతే డెప్త్ తక్కువంటున్నారు. వాళ్లలో ఎవరో ఒకరు నా మూలకేసి చూసి, ఏది చెరపకూడదని అడుగుతారు.

"ఏదో పాతదిలెండి" అంటాడు నిరంజన్.