బుచ్చవ్వ ఒంట్లో ఎండ

శ్రీరాంపూర్ గని క్వార్టర్లలో పొద్దుగూకగానే బుచ్చవ్వ గడపలో వచ్చి కూర్చునేది. పత్తి చేన్లలో వయసంతా తాగిన ఎండ ఆమె ఒంట్లోంచి మెల్లగా బయటికొచ్చేది. ఆ వెలుగులో పక్కింటోళ్లు బియ్యంలో రాళ్లేరుకునేవాళ్లు. కరెంటు పోతే, "జర ఇటు తిరుగు బుచ్చవ్వా" అనేవాళ్లు, అంతే.

కోడలు స్తుతి కాన్పయి వచ్చేటప్పుడు, పసిదానికి రోజూ వేయమని దవాఖానలో విటమిన్ డి చుక్కల సీసా ఇచ్చారు. బొగ్గు దుమ్ముకు కిటికీలు మూసే ఉండే ఇల్లది.

"ఇంట్ల నేనుండంగ సీసల ఎండ ఎందుకే?" అని బుచ్చవ్వ నవ్వింది. నిజమే కదా అనుకుని స్తుతి సీసా మూత తీయనేలేదు.

నాలుగో నెలలో ఒక మధ్యాహ్నం, పాలు తాగుతూ తాగుతూ పసిది ఆరాధన కండ్లు తేలేసింది. పిడికిళ్లు బిగుసుకుపోయాయి. తండ్రి బెంజమిన్ గనిలో దిగి ఉన్నాడు, ఫోన్ కలవదు. అత్తాకోడళ్లే ఆటోలో మంచిర్యాల దవాఖానకు ఉరికారు.

డాక్టరు రక్తం పరీక్ష చూసి, "కాల్షియం మొత్తం పడిపోయింది. డి చుక్కలు వేస్తలేరా?" అన్నాడు.

స్తుతి అత్త వైపు చూసింది.

"నేనే వద్దన్న సారూ," అన్నది బుచ్చవ్వ. "నా ఒంట్ల ఉన్నదని."

"నీది పాత ఎండ అవ్వా. వెలుగుంటది గని సత్తువుండది. పిల్ల బొక్కలు గట్టిపడనీకి పనికిరాదు."

కాల్షియం మందు ఎక్కించాలి. నర్సు మంజులకు నరం దొరకడం లేదు. చేయి గుచ్చింది, కాలు గుచ్చింది. పిల్ల ఏడ్వడం కూడా మానేసింది.

"పోయి గడపల కూసో అత్తమ్మా," అన్నది స్తుతి పళ్లు కొరుకుతూ. "నా బిడ్డ సల్లబడ్డంక గుడ మెరుస్తనే ఉండు."

బుచ్చవ్వ మంచం పక్కకు జరిగింది. చేతి మీది కొంగు తీసి, పిల్ల బిగిసిన చేయి కింద తన అరచేయి పెట్టింది.

"లైట్లు బంద్ చెయ్యిండ్రి. పరదా గుంజుండ్రి."

చీకట్లో ఆ చిన్న చేయి ఎర్రగా వెలిగింది. ఎరుపులో సన్నటి నల్లదారంలా నరం కనిపించింది.

"కదలకవ్వా," అన్నది మంజుల. సూది దిగింది.

మందు మెల్లగా ఎక్కుతున్నంతసేపూ బుచ్చవ్వ చేయి తీయలేదు. భుజం వణకడం మొదలైంది. స్తుతి చూసీచూడనట్టు చూసి, చివరికి జరిగి వచ్చి, ఆమె మోచేయి కింద తన చేయి ఆనించింది.

"ఇగ లైటెయ్యాల్నా?" అని అడిగింది మంజుల.

"జరసేపు ఉండనీయక్కా," అన్నది స్తుతి.

ఆ వెలుగులో ఆరాధన బొటనవేలు విచ్చుకుంది. ఆ తర్వాత చూపుడువేలు.