గోనెసంచుల కప్పు

తొలి కాన్పుకు ఆడపిల్ల తల్లిగారింటికి రావాలి. ఇందులో వాదనేముంది? మా శిరీషకు ఏడో నెల దాటగానే నేను మంచానికి నవారు బిగించాను, పాత చీరలు ఉతికి పొత్తిగుడ్డలు చింపి పెట్టుకున్నాను. అప్పుడొచ్చింది ఫోను.

“అత్తమ్మ పంపనంటున్నదమ్మా,” అంది శిరీష. “మే నెల ఎండలు, మీది రేకుల ఇల్లు, పసిపిల్ల ఆగదంటున్నది. కానుపు గీడనే కొత్తూరుల చేపిస్తరంట.”

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కొత్తూరులో వాళ్లది స్లాబు ఇల్లు, గదికో ఏసీ. ఉంటే ఉండనీ! సంబంధం మాట్లాడటానికి వచ్చినరోజు మా రేకులు కళ్లకు కనపడలేదా ఆ మహాతల్లికి? ఆ రోజంతా వియ్యపురాలిని తిట్టుకుంటూనే ఉన్నాను. బియ్యం కడుగుతూ తిట్టాను, బట్టలు పిండుతూ తిట్టాను.

కానీ ఒక మాట ఒప్పుకోవాలి. మా ఇల్లు నిజంగానే పొయ్యి. నేను ఎయిర్‌పోర్టులో హౌస్‌కీపింగ్ పని చేస్తాను. పొద్దున ఆరు నుంచి రెండు దాకా చల్లగా నేలలు తుడిచి, మూడింటికి ఇల్లు చేరి తలుపు తీస్తే వేడి ముఖానికి కొడుతుంది. అద్దానికి అంటించిన బొట్టుబిళ్లలు బంక కరిగి కిందికి జారిపోతాయి. ఫ్యాను వేస్తే ఆ వేడిగాలే గిర్రున తిరుగుతుంది.

“కూలర్ తెద్దామా?” అన్నాడు నా మొగుడు యాదయ్య. ఆయన ఎయిర్‌పోర్టు దగ్గర ఒక గోదాములో హమాలీ.

“బాలింతకు కూలర్ పెడతవా? తేమకు తల్లీపిల్లా ఇద్దరూ దగ్గుకుంట కూసుంటరు. నీ తెలివి తెల్లారినట్టే ఉంది,” అన్నాను.

దారి చూపించింది పక్కింటి రఫియా. ఆమె ఇంట్లోనే మిషను కుడుతుంది. నా తిట్లు గోడ అవతలి నుంచి రోజూ వింటున్నట్టుంది, ఒకరోజు తనే వచ్చింది.

“అక్కా, జర నా మాట ఇను. పహాడీ షరీఫ్‌ల మా నానీ, గదే అమ్మమ్మ, ఇల్లు గూడ రేకులదే. పైన తెల్లగ సున్నం ఏసేటోళ్లు, లోపల రేకుల కింద గుడ్డ కట్టేటోళ్లు. గంతే. నువ్వు ఊకె పరేషాన్ అయితున్నవ్.”

మరునాడే మొదలుపెట్టాం. కాలేస్తే సిమెంటు రేకు పగులుతుంది కదా, అందుకని గోదాములో పారేసిన చెక్క పలకలు యాదయ్య మోసుకొచ్చాడు. వాటిని రేకుల మీద పరిచి, కూర్చుని, ఏళ్లనాటి నల్లటి పాచిని కొబ్బరిపీచుతో రుద్దాడు. ఆరాక సున్నంలో బంక కలిపి రెండు పూతలు వేశాడు. మా వాడ మీదుగానే విమానాలు దిగుతాయి. ఆయన నడుం మీద చేయి పెట్టుకుని పైకి చూసి, “గింత తెల్లగుంటే పైలట్‌కు మన ఇల్లే రన్‌వే లెక్క కనవడ్తది పో,” అన్నాడు. నవ్వొచ్చింది గానీ, “ముందు దిగు, పడితే దవాఖానకు నేనే మొయ్యాలె,” అన్నాను.

కిరాణా కొట్లన్నీ తిరిగి నలభై గోనెసంచులు పోగుచేశాను. పురుగు పట్టకుండా వేపాకు కాచిన నీళ్లలో నానబెట్టి ఆరేశాను. సంచులకు మిషను సూదులు మూడు విరిగాయి. నాలుగోది విరగకముందే రఫియా మిషను మూసేసి దబ్బనం అందుకుంది. ఇద్దరం రెండు రోజులు చేత్తోనే కుట్టాం. గోనె నూగు పసిపిల్ల మీద రాలకుండా కింది వైపు నా నూలు చీరలు జోడించాం. శిరీష పెళ్లికి కట్టిన నీలం చీర కూడా అందులో పోయింది. పోతే పోయింది.

గోడ నుంచి గోడకు తీగలు లాగి, రేకులకు జానెడు కింద ఆ కప్పు కట్టాం. అక్కడ నా తెలివి చూపించాను. “బల్లులు పడతయ్, ఏడ గూడ సందు ఉండొద్దు,” అని నిలబడి చుట్టూ మేకులు కొట్టించాను. మరునాడు డ్యూటీ నుంచి వచ్చి తలుపు తీస్తే ముందుకన్నా ఎక్కువ ఉడికిపోతోంది. పైగా గోనె వాసన. నేను గడపలో కూలబడి ఏడ్చాను. చేసిన చాకిరీ అంతా నీళ్లపాలయింది, ఇక నా బిడ్డ రాదు అనుకున్నాను.

యాదయ్య తల పైకెత్తి చాలాసేపు చూశాడు.

“మా గోదాము రేకుల మీద గాలికి తిరిగే డబ్బాలు ఎందుకుంటయే? ఉడుకు బయటికి పోనీకే. పైన ఎక్కిన ఉడుక్కు మనం తొవ్వ ఇయ్యలేదు. నువ్వేమో అన్ని దిక్కుల బిగించినవు.”

అప్పటికప్పుడు సుత్తె తీసుకుని, గుడ్డకూ రేకులకూ మధ్య రెండు వైపులా గోడల్లో నాలుగు నాలుగు ఇటుకలు ఊడగొట్టి, ఆ కంతలకు జాలీ బిగించాడు. మరునాడు మధ్యాహ్నం లోపలికి వస్తే నాకే నమ్మబుద్ధి కాలేదు. ఏసీ అంత చల్లదనమని అబద్ధం చెప్పను. వేపచెట్టు కింద కూర్చున్నట్టుంది. బొట్టుబిళ్ల అద్దం మీద పెట్టిన చోటే ఉంది.

ఇక ఆగుతానా? వియ్యపురాలికి నేనే ఫోను చేశాను. “ఒకపారి వచ్చి చూసిపో వదినా. మధ్యాహ్నం రెండింటికే రా, ఎండ మంచిగుంటది,” అన్నాను.

గురువారం నేను డ్యూటీకి సెలవు పెట్టాను, ఆమె వచ్చింది. కుండలో నీళ్లు తాగింది, పైకి చూసింది, మంచం మీద నడుం వాల్చింది. అరగంట ఉండనిచ్చాను. తర్వాత ఎదురుగా నిలబడి అడిగేశాను.

“ఇప్పుడు చెప్పు వదినా. రేకుల ఇల్లని నా బిడ్డను పంపనంటివి గదా. గీ ఇంట్ల పసిపిల్ల ఆగదా?”

ఆమె లేచి కూర్చుంది. “నేనెప్పుడన్న? తల్లిగారింటికి పో బిడ్డా అని ఉగాది కాన్నుంచి నేనే చెప్తున్న. నీ బిడ్డనే పోనంటది. ఎందుకే అంటే ఏడుస్తది. నీకు తెల్వదా వదినా?”

ఇన్నాళ్లూ తిట్టిన తిట్లన్నీ నా గొంతులోకి తిరిగొచ్చాయి. ఆమె అటు వెళ్లగానే శిరీషకు ఫోను చేశాను. వియ్యపురాలు అన్నది చెప్పి అడిగాను. అది మెల్లగా అసలు సంగతి చెప్పింది.

“నీకు చెప్పలేక అత్తమ్మ పేరు చెప్పిన. ఎండాకాలం సెలవులల్ల నువ్వు డ్యూటీకి పోయేదానివి, బాపు గోదాముకు పోయేటోడు. నేను తలుపేసుకొని, దుప్పటి తడిపి కప్పుకొని నేల మీద పండుకునేదాన్ని. అది ఆరితే మళ్ల తడుపుకునేదాన్ని. నా బిడ్డను గా ఉడుకుల పండవెట్టలేనమ్మా.”

ఆ తడి దుప్పటి సంగతి నాకు తెలియదు. తెలుసుకోలేదు అంటే నిజం. నేను పొద్దంతా చల్లటి గాలిలో పని చేసి వచ్చేదాన్ని, నా బిడ్డ అలా ఉడికిపోయేది.

“ఇప్పుడు ఇల్లు చల్లగుండేటట్టు కప్పు కట్టినం. అయినా నీకు ఏడ మంచిగుంటే ఆడనే ఉండు బిడ్డా. నేనే వచ్చి చేస్త,” అన్నాను.

“చూసినంక చెప్త,” అంది.

ఆదివారం అల్లుడు శేఖర్ ఆటోలో తీసుకొచ్చి దింపి వెళ్లాడు. మధ్యాహ్నం రెండయింది. ఎనిమిదో నెల పొట్టతో శిరీష మెల్లగా మంచం మీద వాలింది. నేను గోడకు ఆనుకుని, పరీక్ష ఫలితం కోసం చూసినట్టు దాని ముఖమే చూస్తున్నాను. గోడల్లోని కంతలను చూసింది. చేయి చాపి గాలి ఆడుతోందా అని పట్టి చూసింది. నుదురు తడుముకుంది, చెమట లేదు.

“సంచి లోపల పెట్టమ్మా. ఉంట,” అంది.

నాకు ప్రాణం లేచొచ్చింది. సంచి లోపల పెట్టి వచ్చి దాని కాళ్ల దగ్గర కూర్చున్నాను.

“ఇదంత చెయ్యనీకె ఎన్ని దినాలు పట్టింది?” అని అడిగింది.

“తొమ్మిది దినాలు,” అన్నాను గొప్పగా.

“తొమ్మిదేనా?” అంది శిరీష. గోడ వైపు తిరిగి పడుకుంది. మూడో తరగతి నుంచి పద్నాలుగు ఎండాకాలాలు ఈ రేకుల కింద పెరిగింది అది. అన్నేళ్లలో దానికోసం నాకు తొమ్మిది రోజులు దొరకలేదు.